ఫార్మాట్ ఇలాజ్ కాదు



మన ఇళ్లల్లో ల్యాప్‌టాప్ సరిగ్గా తెరుచుకోకపోతే "ఎక్కడిదాకా వచ్చి ఆగింది?" అని ఎవరూ అడగరు. "ఖరాబ్ అయింది" అంటారు. అంతే, దాని ఫైసలా అయిపోయినట్టే. రెండో మాట దుకాణంలో వినపడుతుంది: "ఫార్మాట్ కొట్టాలె." అబ్బా తలూపుతారు, భాయ్ తలూపుతాడు. సాయంత్రానికి డబ్బా ఇంటికొస్తుంది. కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది. లోపల మాత్రం ఖాళీ. బిడ్డ మూడు నెలలు మెహనత్ చేసి రాసిన ప్రాజెక్టు రిపోర్టు లేదు. దాదీ ఇంతెకాల్‌కు ముందు ఈద్ రోజు తీసిన ఫోటోలు లేవు. స్కాన్ చేసి దాచుకున్న మెమోలు, కులం-ఆదాయం సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు లేవు.

దీన్ని రిపేరు అనడానికి నాకు నోరు రాదు. ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకుని, ఎలుక పోయింది కదా అని సంబరపడటం ఇది.

చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ దవాఖానాకు పోయినవాళ్లకు తెలుసు. హకీమ్ సాబ్ ముందు నబ్జ్ పట్టుకుంటారు, నాలుక చూస్తారు, నాలుగు సవాళ్లు అడుగుతారు, ఆ తర్వాతే నుస్ఖా రాస్తారు. ముందు తష్ఖీస్, తర్వాత ఇలాజ్. మర్జ్ ఏదో తెలుసుకోకుండా మందు పోసేవాణ్ని మన పెద్దలు నీమ్ హకీమ్ అన్నారు, ఖత్రా-ఎ-జాన్ అన్నారు. మనిషి ఒంటి విషయంలో ఇంత అఖల్ ఉన్న మనం, పిల్లల తాలీమ్ అంతా పెట్టుకున్న యంత్రం దగ్గరికి వచ్చేసరికి నీమ్ హకీమ్‌కే సలాం కొడుతున్నాం. నా షికాయత్ అదీ. అది దుకాణంవాడి మీద మాత్రమే కాదు, మన మీద కూడా.

ఎవరి నుక్సాన్ ఇది?

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ అంటే ఇప్పుడు పూలతోటలు, కూరగాయల మడులే కాదు. దొంతాన్‌పల్లిలో ఇక్ఫాయ్ యూనివర్సిటీ ఉంది. మొయినాబాద్ రోడ్డు పొడుగునా ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. మన మొహల్లాల పిల్లలు డిగ్రీ, బీటెక్, ఫార్మసీ చదువుతున్నారు. ఈపాస్ స్కాలర్‌షిప్ దర్ఖాస్తు, దోస్త్ అడ్మిషన్, ఈఏపీసెట్ హాల్‌టికెట్, ఉద్యోగం ఇంటర్వ్యూ, అన్నీ తెరమీదనే. అయినా చాలా ఇళ్లల్లో ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంటుంది. అది ఆగితే ముందు ఎవరి పని ఆగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కొడుకు దోస్త్ దగ్గరికి పోయి పని చేసుకుంటాడు, నెట్ సెంటర్‌లో కూర్చుంటాడు. బేటీకి ఆ దారి ఉండదు. "రెండు రోజులు ఆగరాదూ" అంటారు. ఆ రెండు రోజుల్లోనే దర్ఖాస్తు ఆఖరి తారీఖు దాటిపోతుంది.

మన రంగారెడ్డి జిల్లాలోనే, షాద్‌నగర్ నుంచి ఢిల్లీ పోయి పెద్ద కాలేజీలో మ్యాథ్స్ చదువుతున్న ఒక మోటార్‌సైకిల్ మెకానిక్ కూతురు, 2020 నవంబర్ మొదట్లో ప్రాణం తీసుకుంది. లాక్‌డౌన్‌లో క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి, ఆమె చేతిలో ల్యాప్‌టాప్ లేదు, స్కాలర్‌షిప్ డబ్బు రాలేదు, ఇంటికి బరువైపోతున్నానన్న ఫికర్. ఒక ప్రాణం పోవడానికి ఒక్కటే వజహ్ ఉండదు, నేనూ అట్లా అనను. కానీ ఒక బీద ఇంటి బిడ్డకు ఆ యంత్రం ఎంత పెద్ద సంగతో అప్పుడు దేశమంతా చూసింది. అటువంటి వస్తువు ఇంట్లో ఉండి, చిన్న మర్జ్‌కు దాని లోపలున్నదంతా తుడిచేసే ఇలాజ్ చేయించడం మనకు జేబ్ దేతా నహీ.

నాలుగు దర్వాజాలు

ల్యాప్‌టాప్ తెరుచుకోవడమంటే ఒక్క పని కాదు. నాలుగు దర్వాజాలు వరుసగా తెరుచుకోవాలి. ఏ దర్వాజా దగ్గర ఆగిందో చెప్పగలిగితే సగం తష్ఖీస్ అయిపోయినట్టే. దీనికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. కళ్లూ చెవులూ, పావుగంట సబర్ ఉంటే చాలు.

మొదటి దర్వాజా కరెంటు. బటన్ నొక్కితే లైటు లేదు, ఫ్యాన్ లేదు, ఏ ఉలుకూ లేదు. ఇక్కడ విండోస్ ఇంకా నిద్ర కూడా లేవలేదు. అటువంటప్పుడు "విండోస్ పోయింది, ఫార్మాట్ చేయాలె" అని ఎవరైనా అంటే వాడు అబద్ధమైనా చెప్తున్నాడు, లేదా వాడికే తెలియదు. వానాకాలం మన దగ్గర ఒక గాలి దుమారం వస్తే కరెంటు పది సార్లు పోయి పది సార్లు వస్తుంది. చార్జర్ దెబ్బతినడానికి అది చాలు. వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. అదే రకం చార్జర్ ఇంకొకటి దొరికితే పెట్టి చూడండి. అప్పటికీ లేవకపోతే చార్జర్ తీసేయండి, పెన్‌డ్రైవ్, మౌస్, ప్రింటర్ వైరు అన్నీ పీకేయండి, బ్యాటరీ ఊడదీసే రకమైతే ఊడదీయండి. పవర్ బటన్‌ను 30 సెకన్ల దాకా అదిమి పట్టుకోండి. లోపల నిలిచిపోయిన చార్జి దిగిపోతుంది. మళ్లీ చార్జర్ పెట్టి ఆన్ చేయండి. ఎన్నో యంత్రాలు ఇంతటితోనే లేచి కూర్చుంటాయి. ఒక్క ఖబర్దార్: అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బినట్టు. దాన్ని చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. అది మంట అంటుకునే చీజ్.

రెండో దర్వాజా యంత్రం తనను తాను పరీక్ష చేసుకునేది. లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. కంపెనీ పేరు కూడా రాలేదు. ఇక్కడ కూడా విండోస్‌కు ఏ వాస్తా లేదు. యంత్రం ర్యామ్‌నూ, తెరనూ, బోర్డునూ పలకరిస్తోంది, ఎవరో ఒకరు జవాబ్ ఇవ్వడం లేదు. అటువంటప్పుడు అది మూగగా ఉండదు, ఇషారా చేస్తుంది. డెల్‌లో బ్యాటరీ లైటు పసుపు-తెలుపు రంగుల్లో కొన్నిసార్లు మినుకుతుంది. హెచ్‌పీలో క్యాప్స్‌లాక్ లైటు లెక్కపెట్టినట్టు మినుకుతుంది. కొన్ని బీప్ బీప్ అంటాయి. ఎన్నిసార్లు మినికిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. మోడల్ పేరుతో పాటు ఆ లెక్కను వెతికితే, ఫలానా పార్టు జవాబ్ ఇవ్వడం లేదని కంపెనీవాళ్లే రాసి పెట్టి ఉంటారు. మీరు ఆ కాగితంతో పోతే దుకాణంవాడు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

తెర నల్లగా ఉంటే యంత్రమే చచ్చిందనుకోవద్దు. చీకట్లో తెర మీద టార్చి వేసి చూడండి. లోపల బొమ్మ మసకగా కనపడితే బ్యాక్‌లైటు పోయింది, మిగతాదంతా సలామత్. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే దోషం తెరదే. ర్యామ్ ముక్క కొంచెం కదిలినా ఇదే తీరు కనపడుతుంది. దాన్ని ఊడదీసి, తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెడితే సరిపోయే కేసులు ఎన్నో ఉన్నాయి. వారంటీ ఉంటే వెనకమూత మీరు విప్పొద్దు, తెలిసినవాళ్లతో మీ కళ్ల ముందు విప్పించండి.

మూడో దర్వాజా దగ్గర కంపెనీ పేరు వస్తుంది, తర్వాత నల్ల తెర మీద "నో బూటబుల్ డివైస్" అని ఒక ఇంగ్లీషు లైను వస్తుంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో దానికి దొరకడం లేదన్నమాట. ముందు చూడాల్సింది పెన్‌డ్రైవ్ ఏదైనా మరిచిపోయి అట్లాగే ఉంచారా అని. ఉంటే తీసేయండి. లేకపోతే బయోస్‌లోకి పోయి చూడండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎస్కేప్ లేదా ఎఫ్10, లెనోవోలో చాలావరకు ఎఫ్1 లేదా ఎఫ్2. ఆ జాబితాలో మీ డిస్క్ పేరు కనపడుతోందా? కనపడితే దాని వరుస మారిందేమో చూడాలి. కనపడకపోతే డిస్క్ వదులైంది, లేదా చనిపోతోంది. కనపడని డిస్క్‌ను ఫార్మాట్ ఎట్లా చేస్తారు మియా? ప్రతిసారీ తారీఖు, టైమూ వెనక్కి పోతుంటే, చాలా యంత్రాల్లో అది బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయిన నిషానీ. చేతిగడియారం బ్యాటరీలు అమ్మేచోట దొరికే సామాను అది. పాత హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్ అని చప్పుడు వస్తుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. ఆన్ చేసిన ప్రతిసారీ లోపలున్నది ఇంకొంచెం చెరిగిపోతుంది.

నాలుగో దర్వాజా విండోస్. గుండ్రంగా చుక్కలు తిరుగుతూనే ఉంటాయి, లేదా నీలం తెర వస్తుంది, లేదా పాస్‌వర్డ్ కొట్టాక నల్లగా అయిపోతుంది. ఫార్మాట్ అనే మాట కనీసం నోటికి రాగలిగేది ఈ ఒక్క దర్వాజా దగ్గరే. ఇక్కడ కూడా అది ఆఖరి మాట. ముందు చేయాల్సినవి ఉన్నాయి. నల్ల తెర అయితే విండోస్ గుర్తున్న బటన్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. తెర డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అది కాకపోతే, విండోస్ తెరుచుకుంటుండగా పవర్ బటన్ అదిమి ఆపేయండి. ఇట్లా రెండు మూడుసార్లు చేస్తే, తనకేదో అయిందని విండోస్‌కే అర్థమై రిపేర్ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, దాంట్లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ స్టార్టప్ రిపేర్ ఉంది. కొత్తగా వచ్చిన అప్‌డేట్‌ను తీసేసే దారి ఉంది. కొన్ని రోజుల వెనకటి హాలత్‌కు తీసుకుపోయే సిస్టమ్ రిస్టోర్ ఉంది. కనీసపు సామానుతో తెరిచే సేఫ్ మోడ్ ఉంది. అన్నీ అయ్యాక రీసెట్ ఉంది. దాంట్లో కూడా "కీప్ మై ఫైల్స్" అనే దారి ఉంది. ప్రోగ్రాములు పోతాయి, మీ ఫైళ్లు ఉంటాయి.

ఇంకొక ముచ్చట చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ కొడితే యంత్రం పూర్తిగా ఆగదు. తొందరగా తెరుచుకోవడానికి సగం సంగతులు దాచిపెట్టుకుని పడుకుంటుంది. దాచుకున్న దాంట్లో గడబిడ ఉంటే మర్నాడు కూడా అదే గడబిడ. రీస్టార్ట్ కొడితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగుతుంది.

శంషాబాద్‌లో ఏం చేశారు?

"ఇవన్నీ ఇంట్లో చేసుకునే చిన్న నాటకాలు, అసలు ఇలాజ్ ఫార్మాటే" అనేవాళ్లకు ఒక పెద్ద వాకియా గుర్తుచేస్తాను. 2024 జులై 19. మన టైము ప్రకారం పొద్దున 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక తప్పుడు అప్‌డేట్ పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది, అయినా అప్పటికే ఆలస్యమైపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. దవాఖానాలు, బ్యాంకులు, టీవీ చానళ్లు, ఎయిర్‌పోర్టులు. మనకు దగ్గర్లోని శంషాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు.

అప్పుడు వాళ్లు ఏం చేశారు? ఆ 85 లక్షల యంత్రాలను ఫార్మాట్ కొట్టమని ఎవరైనా చెప్పారా? లేదు. కంపెనీ చెప్పిన ఇలాజ్ ఇది: సేఫ్ మోడ్‌లోకి పోండి, క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్ తెరవండి, ఫలానా నంబరుతో మొదలయ్యే ఒక్క ఫైలు తీసేయండి, మళ్లీ ఆన్ చేయండి. ఒక్క ఫైలు! దోషం ఏ దర్వాజా దగ్గరుందో తెలిసింది కాబట్టి చెయ్యి నేరుగా అక్కడికే పోయింది. పెద్ద కంపెనీల సామానుకు తష్ఖీస్, బీదవాడి ల్యాప్‌టాప్‌కు ఫార్మాట్. ఇదెక్కడి ఇన్సాఫ్?

పోయింది తిరిగి రాదు

"ఫార్మాట్ చేసినా సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ తీయొచ్చు కదా" అని కొందరు ధైర్యం చెప్తారు. పాత హార్డ్‌డిస్కుల జమానాలో అది చాలావరకు నిజం. పైపైన తుడిచిన డిస్క్ నుంచి, దాని మీద కొత్తది రాయకముందే పట్టుకుంటే, ఎంతో కొంత తీసేవారు. ఇప్పుడు వచ్చేవి ఎస్‌ఎస్‌డీలు. వాటిల్లో ట్రిమ్ అనే పద్ధతి ఉంది. ఏ జాగా ఇక అక్కర్లేదో విండోస్ చెప్పగానే, డిస్క్ తనంతట తానే ఆ జాగాను నిజంగా ఖాళీ చేసుకుంటుంది. అంటే ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ కొడితే దాదీ ఫోటోలు మళ్లీ దొరుకుతాయన్న ఉమ్మీద్ దాదాపు లేనట్టే.

అందుకే ఏ ఇలాజ్‌కైనా ముందు ఒక్క షర్త్ పెట్టండి: లోపలున్నది ముందు బయటికి తీయాలి. విండోస్ లేవకపోయినా ఇది సాధ్యమే. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" అనే దారిలో తెరిస్తే, డిస్క్‌లోని ఫోల్డర్లు కనపడతాయి. వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఉబుంటుకు డబ్బులు కట్టనక్కర్లేదు. డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, ఇంకో కంప్యూటర్‌కు కలిపినా సరే. ఈ మాట దుకాణంలో అడగండి. "అట్లా కాదు" అన్నవాడి దగ్గర మీ యంత్రాన్ని వదలకండి.

ఇక్కడ ఒక తాళం సంగతి కూడా తెలుసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తం బిట్‌లాకర్ తాళంతో ఉంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా మొదలుపెట్టిన చాలా యంత్రాల్లో ఇది అడగకుండానే పడిపోతోంది. బోర్డు మార్చినా, బయోస్ కదిలించినా, కొన్నిసార్లు రిపేర్ తెరలోకి పోయినా 48 అంకెల చాబీ అడుగుతుంది. ఆ చాబీ మొదట వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి, కొన్నరోజు మీ ల్యాప్‌టాప్‌ను ఎవరు మొదలుపెట్టారు? దుకాణంలోని కుర్రాడు తన ఈమెయిల్‌తోనా? దుబాయ్‌కి పోయిన మామూ ఈమెయిల్‌తోనా? అయితే మీ ఇంటి చాబీ ఇంకొకరి జేబులో ఉన్నట్టే. యంత్రం బాగున్న ఈరోజే ఆ అకౌంట్ తెరిచి, ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, ఇంటి కాగితాలతో కలిపి దాచండి. చాబీ లేకపోతే ఏ ఉస్తాద్ కూడా లోపలున్నది తీయలేడు.

దుకాణంవాడు మన బచ్చానే

ఇప్పటిదాకా చదివి "దుకాణాలవాళ్లంతా చోర్లు" అని అనుకుంటే నా మాట సగమే విన్నట్టు. ఆ దుకాణాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది మన పిల్లలే. కోఠీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా ఉండి పని నేర్చుకుని వచ్చినవాళ్లు. హునర్ ఉన్న కారీగర్లు. వాళ్లకు తష్ఖీస్ రాదని కాదు. తష్ఖీస్‌కు మనం డబ్బులివ్వం.

హిసాబ్ చూడండి. ఒక కుర్రాడు రెండు గంటలు కూర్చుని, దర్వాజా దర్వాజా చూసి, ర్యామ్ ముక్క వదులైందని కనిపెట్టి, గట్టిగా కూర్చోబెట్టాడు అనుకోండి. డబ్బులడిగితే మనం ఏమంటాం? "ఏం మార్చావని? ఒక్క ముక్క నొక్కినందుకు ఇంతా?" అని కొట్లాడతాం. అదే కుర్రాడు తెలివైన పని ఏదీ చేయకుండా ఫార్మాట్ కొట్టి ఇస్తే, ఏం మాట్లాడకుండా ఇస్తాం. ఇల్మ్‌కు ఖీమత్ లేదు, తుడిచినందుకు ఖీమత్ ఉంది. పైగా "గంటలో కావాలె" అని నెత్తిన కూర్చుంటాం. అప్పుడు వాడు గంటలో అయ్యే పనే చేస్తాడు. ఆ మజ్బూరీని మనమే తయారుచేశాం.

కాబట్టి నా మొదటి డిమాండు దుకాణాన్ని కాదు, మన అబ్బాలను, భాయ్‌లను: దోషం కనిపెట్టినందుకు డబ్బులివ్వండి. పార్టు మారినా మారకపోయినా ఇవ్వండి. పోగానే ఈ మాట చెప్పండి: "ఫార్మాట్ వద్దు. దోషం ఎక్కడో చూసి చెప్పు, చూసినందుకు నీ మెహనత్ నేనిస్తా. ఏం చేసినా ముందు నాకు ఫోన్ చెయ్." ఈ మూడు మాటలు మన శంకర్‌పల్లి బజారులో పదిమంది చెప్పడం మొదలుపెడితే చాలు, దుకాణాల తీరు మారుతుంది. గిరాకీ అడిగిందే బజారు అమ్ముతుంది.

రెండో డిమాండు దుకాణాన్నే. ఇంట్లోవాళ్ల ఫోటోలు, ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు ఉన్న యంత్రం మీ చేతికి ఇస్తున్నారంటే, అది అమానత్. అమానత్‌లో చూడకూడనిది చూడటం ఖియానత్. 2008లో హాంకాంగ్‌లో ఒక సినిమా నటుడు రిపేర్‌కు ఇచ్చిన ల్యాప్‌టాప్ నుంచి ఫోటోలు కాపీ అయి లోకమంతా పాకాయి. ఎందరో ఆడవాళ్ల జిందగీలు రోడ్డున పడ్డాయి. ఆ టెక్నీషియన్‌కు 2009లో జైలు శిక్ష పడింది. ఈ డర్ వల్లనే మన ఇళ్లల్లో చాలామంది ఆడపిల్లలు "ఫార్మాట్ అయిపోయినా సరే, ఎవరూ చూడకుండా ఉంటే చాలు" అనుకుంటున్నారు. ఫార్మాట్‌ను ఒప్పుకోవడం వెనక బేవఖూఫీ మాత్రమే లేదు, ఈ భయం కూడా ఉంది. దీనికి జవాబ్ ఫార్మాట్ కాదు. రిపేర్ మీ కళ్ల ముందు చేయించుకోవడం, తెర, కీబోర్డ్, బ్యాటరీ లాంటి పనులకు డిస్క్ ఊడదీసి ఇంట్లో పెట్టుకుని యంత్రం మాత్రమే ఇవ్వడం, ఇచ్చిన సామాను వివరాలతో రసీదు తీసుకోవడం.

రసీదు ఎందుకంటే, అది లేకపోతే మీ హక్కు కూడా నోటిమాటే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సామాను కొన్నవాళ్లకే కాదు, డబ్బిచ్చి సేవ తీసుకున్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. మీకు చెప్పకుండా డిస్క్ తుడిచేస్తే అడిగే హక్కు మీకుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. రిపేరు చేయించుకునే హక్కు కోసమని 2022 డిసెంబర్ 24న కేంద్ర ప్రభుత్వం ఒక పోర్టల్ కూడా తెరిచింది. కానీ ర్యామ్‌ను బోర్డుకే అతికించి, బ్యాటరీని బంకతో అంటించి అమ్మే కంపెనీలున్నంత కాలం పోర్టల్ ఒక్కటే చాలదు. కొనేటప్పుడే అడగండి: ర్యామ్ మార్చొచ్చా? డిస్క్ మార్చొచ్చా? బ్యాటరీ మార్చొచ్చా? మెరుపు చూసి కొన్నది మర్జ్ వచ్చినరోజు ఏడిపిస్తుంది.

"కొత్తది కొందాం" అనే మాట

ఫార్మాట్ తర్వాత మన ఇళ్లల్లో వినపడే రెండో నీమ్ హకీమ్ మాట ఇది: "పాతదైపోయింది, కిస్తుల మీద కొత్తది తెద్దాం." విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినప్పటినుంచి ఈ మాట ఇంకా పెరిగింది. "విండోస్ 10 బంద్ అయింది, అందుకే మీది లేవడం లేదు" అని చెప్పేవాళ్లు తయారయ్యారు. అది గలత్. మద్దతు ముగిస్తే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగుతాయి, యంత్రం తెరుచుకోవడం ఆగదు. అప్‌డేట్లు లేకుండా బ్యాంకు పని చేయడం మంచిది కాదు, ఆ మాట నిజం. దానికి వేరే దారులున్నాయి. విండోస్ 11 పడితే వేయించుకోవచ్చు, పడకపోతే లైనక్స్ వేసి చదువు పనికి వాడుకోవచ్చు. కానీ ఆన్ కాని యంత్రానికి ఆ తారీఖు వజహ్ కాదు. చార్జర్ పోయిన ల్యాప్‌టాప్‌కు కొత్త ల్యాప్‌టాప్ కొనడం, చెప్పు తెగితే కాలు మార్చుకోవడం లాంటిది.

బేటీ చేతికివ్వండి

ఆఖరి మాట కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చెప్తాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌ను అందరికంటే ఎక్కువ వాడేది బేటీ. అది ఏ దర్వాజా దగ్గర ఆగిందో అందరికంటే బాగా చెప్పగలిగేది ఆమె. కానీ అది ఆగగానే ఆమె చేతిలోంచి తీసుకుని భాయ్ చేతికిస్తాం. భాయ్ దాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి పోయి "ఆన్ అయితలేదు" అని రెండు ముక్కలు చెప్తాడు. నిన్న అప్‌డేట్ వచ్చిందని, మొన్నటినుంచి ఫ్యాన్ చప్పుడు చేస్తోందని, లైటు మూడుసార్లు మినికిందని అతనికి తెలియదు. మరీజ్‌ను ఇంట్లో పెట్టి, పక్కింటివాణ్ని దవాఖానాకు పంపినట్టు.

"ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పడుతుందా?" అంటారు. మన నానీలు కుట్టుమిషన్ మొత్తం ఊడదీసి, నూనె వేసి, షటిల్ సరిచేసి, మళ్లీ బిగించారు. ఆ మిషన్ మీద ఎన్నో ఇళ్లు బతికాయి. అప్పుడు ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఎందుకంటే ఆ మిషన్ రోజీ అని తెలుసు. ఇప్పటి మన బిడ్డలకు ల్యాప్‌టాప్ కూడా అదే.

కాబట్టి ఇంట్లో ఒక్క కాయిదా పెట్టుకోండి. ల్యాప్‌టాప్ తెరుచుకోకపోతే, దాన్ని వాడేవాళ్లే ముందు పావుగంట చూడాలి. ఏ దర్వాజా దగ్గర ఆగిందో, తెర మీద ఏం రాసొచ్చిందో ఫోన్‌తో ఫోటో తీయాలి. ముఖ్యమైన ఫైళ్లు నెలకొకసారి వేరే డిస్క్‌లోకి పోవాలి. ఆ డిస్క్ ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా అల్మారాలో ఉండాలి. దుకాణానికి పోతే వాడేవాళ్లు కూడా వెంట పోవాలి, వాళ్లే మాట్లాడాలి. "ఫార్మాట్" అనే మాట వినపడితే ఇంట్లో ఎవరూ ఒంటరిగా హా అనకూడదు.

యంత్రం మళ్లీ దొరుకుతుంది, కిస్తుల మీదనో, సెకండ్‌హ్యాండ్‌గానో. లోపలున్న మెహనత్ ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని తుడవడానికి ఒక్క బటన్ చాలు. తుడవకుండా బాగుచేయడానికి కొంచెం ఇల్మ్, కొంచెం సబర్ కావాలి. ఆ రెండూ మన ఇళ్లల్లో లేవని నేను నమ్మను.